ఔషధ పుట్టగొడుగులు: అపోహలు - వాస్తవాలు

వరిగడ్డి బెడ్ల మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగులతో మొదలుపెట్టాను. ఇప్పుడు గానోడెర్మా, కార్డిసెప్స్ అనే ఔషధ పుట్టగొడుగులు కూడా పెంచుతున్నాను. నాకు వచ్చే ఫోన్లలో సగం "కిలో లక్ష అట కదా అన్నా?" అనేవే. మిగతావి "మా నాన్నకి షుగరు, ఇది వాడితే మాత్రలు మానేయొచ్చా?" అని. అందరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కార్డిసెప్స్ అంటే హిమాలయాల్లో దొరికే కీడాజడీయే.

కాదు. కీడాజడి అక్కడి ఎత్తైన పచ్చిక బయళ్లలో, మట్టిలో ఉన్న గొంగళిపురుగుని చంపి దాని తలలోంచి మొలిచే శిలీంధ్రం. మనం ఏసీ గదిలో, సీసాల్లో, అన్నం మీద పెంచేది కార్డిసెప్స్ మిలిటారిస్. దీనికి పురుగుతో పని లేదు, శాకాహారులు కంగారు పడక్కర్లేదు. అలాగని ఇది నాసి రకమూ కాదు. ఔషధ గుణం ఉందని చెప్పుకునే కార్డిసెపిన్ అనే పదార్థాన్ని 1950లో మొదట వేరుచేసింది మిలిటారిస్ నుంచే. చిక్కల్లా ఎక్కడంటే, కీడాజడి ధర చూపించి మిలిటారిస్ శిక్షణ అమ్ముతున్నారు.

అపోహ: చిన్న గది ఉంటే చాలు, లక్షలే.

మీరు విన్న ధర, ఎండబెట్టిన సరుకుని గ్రాముల లెక్కన డబ్బాలో పెట్టి అమ్మితే వచ్చేది. రైతు దగ్గర టోకున కొనేవాడు ఆ ధర ఇవ్వడు. పైగా తాజా సరుకు ఎండితే బరువులో ఎక్కువ భాగం నీరుగా పోతుంది.

ఇక ఖర్చు చూడండి. కార్డిసెప్స్‌కి సుమారు రెండు నెలలపాటు గది 20 డిగ్రీల దగ్గర నిలబడాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ రాత్రింబవళ్లు తిరగాలి, కరెంటు పోతే జనరేటర్ ఉండాలి. ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం), ల్యామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వచ్చే బల్ల) లేకుండా దిగితే ఆకుపచ్చ బూజు సీసాలన్నిటినీ మింగేస్తుంది. ఇవన్నీ ఉన్నా ఇంకో టెన్షన్ ఉంది, శిక్షణల్లో దీని గురించి పెద్దగా చెప్పరు. విత్తనంగా వాడే శిలీంధ్రాన్ని కల్చర్ అంటారు, పాత కల్చర్ నుంచే మళ్లీ మళ్లీ కొత్తది తీసుకుంటూ పోతే దాని శక్తి తగ్గిపోతుంది. సీసా నిండా తెల్లటి బూజు అల్లుకుంటుంది, నారింజ రంగు మొలకలు మాత్రం రావు. అప్పటికి ఏసీ బిల్లు కట్టేసి ఉంటారు. ఇవన్నీ దాటినా, పెద్ద కొనుగోలుదారు ల్యాబ్ రిపోర్టు అడుగుతాడు: కార్డిసెపిన్ ఎంత, సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎంత అని.

"పంట మొత్తం మేమే కొంటాం" అనే ఒప్పందాలు చూసి సీసాలు, కల్చర్ కొనకండి. ఆ కంపెనీకి పాత రైతులు అమ్మిన బిల్లులు చూపించమనండి. కొత్తవాళ్లకి నా సలహా పాల పుట్టగొడుగు. 30 నుంచి 35 డిగ్రీల్లో హాయిగా వస్తుంది, ఏసీ అక్కర్లేదు, ఊళ్లోనే అమ్ముకోవచ్చు. శాస్త్రీయంగా నేర్చుకోవాలంటే హిమాచల్‌లోని సోలన్‌లో కేంద్ర పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉంది.

అపోహ: చెట్టు మొదట్లో మొలిచే గానోడెర్మాని కోసి పొడి చేసుకుంటే అదే మందు.

వద్దు. కొబ్బరి చెట్లను ఎండబెట్టే తెగులు కూడా గానోడెర్మా వల్లే అని కోనసీమ రైతులకి వేరే చెప్పక్కర్లేదు. ఈ ప్రజాతిలో జాతులు చాలా ఉన్నాయి, చూపుతో తేల్చడం కష్టం. నేనైతే గానోడెర్మా కోత అయిపోయిన బ్యాగుల్ని కొబ్బరి తోట దరిదాపుల్లో పారేయను.

అపోహ: క్యాన్సర్, షుగర్ తగ్గిపోతాయి.

ఇందులో కొంత నిజం ఉంది, దాన్నే సాగదీస్తున్నారు. జపాన్‌లో ఒక పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే మందుకి 1977లో, షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌కి 1985లో అనుమతి ఇచ్చారు. అయితే అవి శుద్ధి చేసిన మందులు. డాక్టర్లు వాటిని క్యాన్సర్ చికిత్సకి తోడుగా వాడారు, చికిత్స ఆపేసి కాదు. గానోడెర్మా మీద జరిగిన పరీక్షలన్నిటినీ వడపోసిన కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షలు కూడా ఉన్నాయి. క్యాన్సర్‌కి ప్రధాన చికిత్సగా వాడేంత ఆధారం లేదని 2012లో తేల్చారు. షుగర్ ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి పనికొస్తుందనడానికి కూడా ఆధారం లేదని 2015లో చెప్పారు. కాబట్టి షుగర్ మాత్రలు మానొద్దు. క్యాన్సర్, షుగర్ తగ్గిస్తానని ప్రకటన వేస్తే మందుల ప్రకటనల మీద ఉన్న 1954 నాటి చట్టం కింద నేరం కూడా.

అపోహ: పొడి ఏదైనా ఒకటే.

అమెరికాలో గానోడెర్మా పేరుతో అమ్ముతున్న 19 ఉత్పత్తుల్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో లేబుల్‌కి తగ్గట్టు ఉన్నవి ఐదే. కార్డిసెప్స్‌లోనైతే మొలకలతో పాటు అడుగున ఉన్న అన్నాన్ని కూడా దంచి కలిపేస్తుంటారు. పొడిని నీళ్లలో మరిగించి, చల్లారాక గాయాలకి రాసే అయోడిన్ చుక్క వేయండి. ముదురు నీలం, నలుపు రంగు వచ్చిందంటే అందులో పిండి పదార్థం ఉన్నట్టే. గానోడెర్మా ముక్కల్నీ మరిగించే తాగాలి. దాని కణాల గోడ కైటిన్ అనే పదార్థంతో గట్టిగా ఉంటుంది, పచ్చి పొడి మింగితే ఒంటికి పట్టేది తక్కువ.

అపోహ: సహజమైనది కదా, ఎవరైనా వాడొచ్చు.

రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, ఆపరేషన్ దగ్గర పడ్డవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా గానోడెర్మా ముట్టుకోవద్దు. పొడి వాడాక లివర్ దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే నా దగ్గర కొనేవాళ్లని, ఎన్ని గ్రాములు కావాలనే కంటే ముందు ఏ మాత్రలు వాడుతున్నారని అడుగుతాను. కొందరు విసుక్కుని ఫోన్ పెట్టేస్తారు.