లైనక్స్ సర్వర్‌లో పార్టిషన్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆటోమేటిక్ పార్టిషనింగ్ (డిస్క్‌ని ముక్కలు చేసే పనిని ఇన్‌స్టాలర్‌కే వదిలేయడం) కొత్తవాళ్లకి, అనుభవం ఉన్నవాళ్లు మాన్యువల్‌గానే చేస్తారు.

వాస్తవం: పెద్ద సంఖ్యలో సర్వర్లు ఉన్నచోట ప్రతి మెషీన్ ముందూ కూర్చుని పార్టిషన్లు చేసే ఓపిక ఎవరికీ ఉండదు. లేఅవుట్‌ని కిక్‌స్టార్ట్ ఫైల్‌లో (ఇన్‌స్టాలర్ అడిగేవాటికి ముందే రాసిపెట్టే జవాబులు) ఒకసారి రాసి పెట్టుకుంటారు, మిగతాది ఇన్‌స్టాలర్ చూసుకుంటుంది. దీన్ని మాన్యువల్ అంటారో ఆటోమేటిక్ అంటారో మీ ఇష్టం. నేనైతే చూసేది ఒక్కటే: ఖాళీ జాగా ఎక్కడికి పోయింది, రేపు కావాలంటే సర్వీసు ఆపకుండా తెచ్చుకోగలమా?

అపోహ: ఆటోమేటిక్ ఎంచుకుంటే డిస్క్ మొత్తం మన పనికి వచ్చేస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. రాకీ, ఆల్మా, రెడ్ హ్యాట్ అనే లైనక్స్ రకాల 8, 9 వెర్షన్లలో 500 జీబీ డిస్క్‌కి ఆటోమేటిక్ ఇచ్చి చూడండి. రూట్‌కి (సిస్టమ్ ఉండే ప్రధాన భాగం) 70 జీబీ దగ్గర ఆపేసి, బూట్‌కీ స్వాప్‌కీ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) పోగా మిగిలినదంతా యూజర్ల ఫైళ్లుండే /హోమ్‌కి కట్టబెడుతుంది. డెస్క్‌టాప్‌కి బాగానే ఉంటుంది. కానీ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటా, డాకర్ ఇమేజ్‌లు, లాగ్‌లు అన్నీ చేరేది /వార్‌లోకి, అంటే రూట్‌లోకే. కొన్ని నెలల తర్వాత డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే రూట్ 100 శాతం, /హోమ్ 1 శాతం. డేటాబేస్ రాయడానికి చోటు లేక ఆగిపోతుంది, అదీ సరిగ్గా అర్ధరాత్రే! పోనీ /హోమ్‌ని తగ్గిద్దామా అంటే అది ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్: పెంచడమే తప్ప తగ్గించడం కుదరదు. బ్యాకప్ తీసి, ఆ వాల్యూమ్‌ని (అంటే /హోమ్ భాగాన్ని) తీసేసి, ఆ జాగాని రూట్‌కి కలపాల్సిందే.

ఉబుంటు సర్వర్ దారి వేరు. ఎల్‌వీఎంతో (డిస్క్ జాగాని తర్వాత కూడా సర్దుకోనిచ్చే ఏర్పాటు) ఆటోమేటిక్ ఇస్తే, డిస్క్ 200 జీబీ దాటినప్పుడు రూట్‌కి 100 జీబీయే ఇచ్చి, తక్కినది వాల్యూమ్ గ్రూప్‌లో (ఎల్‌వీఎం ఉమ్మడి జాగాలో) ఖాళీగా ఉంచుతుంది. 'నా డిస్క్‌లో సగానికి పైగా కనిపించట్లేదు' అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. వీజీఎస్ కమాండ్ కొడితే ఆ ఖాళీ కనిపిస్తుంది. వాల్యూమ్‌ని పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కి మైనస్ ఆర్ (-r) తగిలిస్తే వాల్యూమ్‌తో పాటు ఫైల్ సిస్టమ్ కూడా పెరుగుతుంది, రీబూట్ అక్కర్లేదు. నా ఓటు దీనికే.

అపోహ: స్వాప్ ర్యామ్‌కి రెట్టింపు ఉండాలి.

వాస్తవం: 2 జీబీ ర్యామ్ ఉన్న రోజుల లెక్క అది. 64 జీబీ సర్వర్‌కి 128 జీబీ స్వాప్ ఇవ్వడం దండగ. పెద్ద మెషీన్లకి కనీసం 4 జీబీ అంటుంది రెడ్ హ్యాట్, చాలావాటికి అది సరిపోతుంది.

అపోహ: ఎన్ని ముక్కలు చేస్తే అంత సేఫ్.

వాస్తవం: /వార్/లాగ్‌ని వేరు చేస్తే లాభం నిజమే, లాగ్‌లు పొంగినా రూట్ నిండదు. సీఐఎస్ బెంచ్‌మార్క్ (సర్వర్ భద్రతా నియమాల జాబితా) ఆడిట్‌కి వచ్చే సర్వర్లలో /టెంప్, /వార్, /వార్/లాగ్/ఆడిట్ లాంటివీ వేరుగా ఉండాలంటారు. కానీ ఎల్‌వీఎం లేకుండా పది ముక్కలు చేస్తే ఒకటి నిండిపోతుంది, పక్కది ఖాళీగా ఉంటుంది, అటూ ఇటూ సర్దలేం. /టెంప్‌కి నోఎగ్జెక్ (అక్కడి ఫైళ్లని ప్రోగ్రామ్‌లుగా నడవనివ్వని సెట్టింగ్) పెట్టారనుకోండి, అక్కడ స్క్రిప్ట్ విప్పి నడిపే కొన్ని ఇన్‌స్టాలర్లు మొరాయిస్తాయి. ఆ ఎర్రర్ చూసి పార్టిషన్‌ని అనుమానించేవాళ్లు తక్కువ.

500 జీబీ డిస్క్ నా చేతికిస్తే రూట్‌కి 30, /వార్‌కి 60, లాగ్‌లకి 10 ఇచ్చి, /హోమ్ తీసేసి, మిగతాది వాల్యూమ్ గ్రూప్‌లోనే వదిలేస్తాను. డేటాబేస్ ఉంటే దానికి వేరే డిస్క్ అడుగుతాను.