మౌల్వీ అల్లావుద్దీన్: అపోహలు - వాస్తవాలు

కోఠి నుంచి మక్కా మసీదు దాకా పాత నగరాన్ని తిప్పి చూపించడం నా పని. 1857 జులై 17న రెసిడెన్సీ (నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ ఉండే భవనం) మీద జరిగిన దాడి ఊసు ఎత్తగానే చాలామంది తుర్రేబాజ్ ఖాన్ పేరు చెబుతారు. ఆయన పక్కన నిలబడిన మౌల్వీ అల్లావుద్దీన్ గురించి మాత్రం తెలిసింది తక్కువ, తప్పుగా తెలిసింది ఎక్కువ.

అపోహ: 1857 తిరుగుబాటు ఉత్తరాదిది, హైదరాబాద్ ప్రశాంతంగానే ఉంది.

వాస్తవం: హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపిన సైన్యం) గుర్రపు దళం నుంచి తిరగబడిన జమేదార్ చీదా ఖాన్ తన తోటివాళ్లతో నగరానికి వస్తే, నిజాం దివాన్ (ప్రధానమంత్రి) సాలార్‌జంగ్ వాళ్లను పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. వాళ్లను విడిపించాలని ఆ శుక్రవారం మక్కా మసీదులో జనం పట్టుబట్టారు. సాయంత్రానికి తుర్రేబాజ్ ఖాన్, అల్లావుద్దీన్ ముందు నడవగా వందలాది రొహిల్లాలు (పఠాన్ యోధులు) రెసిడెన్సీ మీదికి వెళ్లారు. అదే మన కోఠి ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. పుత్లీబౌలి వైపున్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు షావుకార్ల ఇళ్లలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. ఎదురుగా ఫిరంగులు. తెల్లారేసరికి చెదిరిపోక తప్పలేదు.

అపోహ: వెనకుండి నడిపించింది నిజామే.

వాస్తవం: నిజాం అఫ్జలుద్దౌలా, సాలార్‌జంగ్ ఇద్దరూ ఇంగ్లీషువాళ్ల వైపే ఉన్నారు. రెసిడెంట్ డేవిడ్సన్‌కు దివాన్ నుంచి ముందే కబురు అందింది. అందుకు బదులుగా ఇంగ్లీషువాళ్లు, 1853లో కంటింజెంట్ ఖర్చుల అప్పు కింద బేరార్‌తో పాటు తీసేసుకున్న రాయచూర్ దోఆబ్, నల్దుర్గ్ ప్రాంతాలను 1860లో నిజాంకు తిరిగి ఇచ్చారు, 50 లక్షల అప్పు మాఫీ చేశారు. అంటే ఆ రాత్రి మౌల్వీకి కంపెనీ అండ లేదు, సొంత దర్బారు అండా లేదు. ఆ ధైర్యం ఎంతటిదో నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

అపోహ: మతపండితుడికి పోరాటంతో ఏం పని? ఏదో ఆవేశంలో వెళ్లి ఉంటాడు.

వాస్తవం: ఆ ఏడాది ఇలా కదిలిన పండితుడు ఆయనొక్కడే కాదు. అవధ్‌లో మౌల్వీ అహ్మదుల్లా షా సేనలను నడిపాడు. గొప్ప విద్వాంసుడు ఫజ్లె హఖ్ ఖైరాబాదీ ఆ తిరుగుబాటు కేసులో శిక్ష పడి అండమాన్‌లోనే కన్నుమూశాడు.

అపోహ: ఇద్దరినీ ఉరి తీశారు. ఇంకో మాట, అల్లావుద్దీన్ సెల్యులార్ జైల్లో మగ్గి చనిపోయాడు.

వాస్తవం: ఇద్దరికీ పడింది ద్వీపాంతర శిక్ష. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరంలో వేలాడదీశారు. ఉరి కథ అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. అల్లావుద్దీన్‌ను అదే ఏడాది అండమాన్ పంపారు. సెల్యులార్ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. ఆయన వెళ్లేనాటికి పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టి ఏడాది దాటిందంతే. అడవి నరకడం, నేల చదును చేయడం, బాటలు వేయడం, అన్నీ ఖైదీల చాకిరీతోనే. జ్వరాలకు ఎందరో రాలిపోయారు. జైలు గోడలు లేవు కాబట్టి శిక్ష తేలికని అనుకోవద్దు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే పోయాడు.

ప్రతి ఆగస్టులో సెల్యులార్ జైలు ఫొటో పక్కన ఆయన పేరు పెట్టిన పోస్టులు నా ఫోన్‌కు వస్తుంటాయి. పంపేవాళ్లది అభిమానమే, కాదనను. ఆ ఫొటో తీసేసి కోఠి బస్టాండ్ దగ్గరున్న 1857 స్మారక స్తూపం ఫొటో పెట్టండి.