పాత పీసీలు: అపోహలు, వాస్తవాలు

పాత కంప్యూటర్ బోర్డులు బాగుచేయడం నా పని. బోర్డు తెచ్చేవాళ్లు దాంతోపాటు ఒక కథ కూడా తెస్తారు. ఆ కథల్లో చాలావరకు నిజం ఉండదు. అసలు జరిగింది వాటికంటే ఎంతో బాగుంటుంది, అది ఎవరికీ తెలియకుండా పోతోందన్నదే నా బాధ.

అపోహ: మొదటి పర్సనల్ కంప్యూటర్ ఐబీఎం చేసింది.

కాదు. 1975 జనవరిలోనే ఆల్టెయిర్ 8800 కిట్ వచ్చింది. 1977లో యాపిల్ 2, కమోడోర్ పెట్, టీఆర్ఎస్-80 మూడూ అమ్మకానికొచ్చాయి. 1979లో లెక్కల పట్టికల ప్రోగ్రామ్ విసికాల్క్ రాగానే లెక్కలు చూసుకునేవాళ్లు దాని కోసమే యాపిల్ 2 కొన్నారు. ఐబీఎం పీసీ, అంటే మోడల్ 5150, బయటికొచ్చింది 1981 ఆగస్టు 12న.

అపోహ: అప్పట్లో అన్నిటికన్నా శక్తిమంతమైన చిప్ వేశారు కాబట్టే ఐబీఎం పీసీ గెలిచింది.

వేసింది ఇంటెల్ 8088. లోపల 16 బిట్లు, బయటికి డేటా వెళ్లే దారి మాత్రం 8 బిట్లే. 8 బిట్ల విడిభాగాలు చవగ్గా, కావలసినన్ని దొరికేవి. దాని వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఈ అంకె ఎక్కడిదో చూడండి. బోర్డు మీద 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే అమెరికా టీవీల కలర్ సిగ్నల్‌కి కావలసిన 3.58 వస్తుంది, మూడుతో భాగిస్తే ప్రాసెసర్‌కి 4.77. రెండు పనులకీ ఒకటే క్రిస్టల్ సరిపోయింది! ఆ బోర్డు మొత్తం ఇలాగే ఉంటుంది, ఏడాదిలో మెషీన్ పూర్తిచేయాలన్న తొందర అడుగడుగునా కనిపిస్తుంది. నాకు ఆ బోర్డంటే ఇష్టం కూడా అందుకే.

అపోహ: ఐబీఎం డిజైన్‌ని అందరికీ వదిలేసింది, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు.

ఇది సగం నిజం, అందుకే వదలదు. సర్క్యూట్లతోపాటు, మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ ప్రోగ్రామ్ మొత్తాన్నీ ఐబీఎం తన టెక్నికల్ మాన్యువల్‌లో అచ్చువేసిన మాట నిజం. కానీ ఆ బయోస్ మీద కాపీరైట్ ఉంది. 1984లో కరోనా, ఈగిల్ అనే రెండు కంపెనీల మీద ఐబీఎం కేసు వేసింది, రెండూ తమ బయోస్ మార్చుకోవాల్సి వచ్చింది. కాంపాక్ కంపెనీ వేరే దారి పట్టింది. ఒక బృందం ఐబీఎం బయోస్ చదివి, అది ఏ పని చేస్తుందో మాత్రమే రాసిచ్చింది. ఆ కోడ్‌ని ఎప్పుడూ చూడని రెండో బృందం ఆ కాగితాల ఆధారంగా కొత్త బయోస్ రాసింది. ఇలా రాసింది కాపీ కిందికి రాదు. 1984లో ఫీనిక్స్ కంపెనీ కూడా ఇదే పద్ధతిలో బయోస్ తయారుచేసి, అడిగిన ప్రతి కంపెనీకీ అమ్మడం మొదలుపెట్టింది. ఇక క్లోన్లకు, అంటే ఐబీఎం పీసీలాగే పనిచేసే వేరే కంపెనీల మెషీన్లకు, అడ్డులేకుండా పోయింది. మన ఆఫీసుల్లోకి 80ల చివర్లో వచ్చిన ఎక్స్‌టీ, ఏటీ (ఐబీఎం పీసీ తర్వాతి మోడళ్ల పేర్లు) రకం మెషీన్లలో ఎక్కువ భాగం క్లోన్లే.

అపోహ: ఇప్పటి ఎక్స్86 (8086 వంశపు) ప్రాసెసర్ల మూలం పూర్తిగా ఇంటెల్ ఆలోచనే.

మూలం ఒక ఆఫీసు టెర్మినల్, అంటే పెద్ద కంప్యూటర్‌తో మాట్లాడే తెర, కీబోర్డు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో సీటీసీ అనే కంపెనీ 1970లో డేటాపాయింట్ 2200 ప్రకటించింది. దాని ఇన్‌స్ట్రక్షన్లు (ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాలు) రూపొందించింది సీటీసీ ఇంజినీర్లు. వాటిని ఒకే చిప్‌లో ఇమడ్చమని ఇంటెల్‌ని అడిగారు. చిప్ ఆలస్యమైంది, పైగా వేగం చాల్లేదు. దాంతో సీటీసీ మామూలు చిన్న లాజిక్ చిప్‌లతోనే (టీటీఎల్) మెషీన్ కట్టేసి, ఆ డిజైన్‌ని ఇంటెల్‌కే వదిలేసింది. అదే 1972లో 8008గా వచ్చింది. తర్వాత 8080, 1978లో 8086, దాని తమ్ముడు 8088. డేటాపాయింట్ మెమరీ నుంచి బిట్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. కూడికలో ముందు చిన్న స్థానం చూడాలి కాబట్టి చిన్న బైట్‌ని ముందు పెట్టారు. మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉంటే, ఈరోజుకీ అది బైట్లు అదే వరుసలో దాస్తోంది. సీటీసీ ఇంజినీర్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక: విక్టర్ పూర్, హ్యారీ పైల్.

అపోహ: 640 కేబీ ఎవరికైనా చాలని బిల్ గేట్స్ అన్నారు.

అన్నట్టు ఆధారమే లేదు, ఆయన కూడా అనలేదనే చెప్పారు. 8088 అందుకోగలిగేది 1 ఎంబీ. అందులో పై 384 కేబీని వీడియోకీ, రోమ్‌కీ (కరెంటు పోయినా చెరగని మెమరీ) కేటాయించింది ఐబీఎం. ప్రోగ్రాములకి మిగిలింది 640 కేబీ.

అపోహ: పాత మెషీన్లు గట్టివి, ఎన్నేళ్లు మూలన పడున్నా స్విచ్ వేస్తే లేస్తాయి.

దయచేసి ఈ నమ్మకంతో స్విచ్ వేయకండి. తొలి ఐబీఎం బోర్డుల మీద టాంటలమ్ కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వాడకపోతే అవి షార్ట్ అవుతాయి, ఒక్కోసారి పేలి మంట కూడా వస్తుంది. ముందు మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉందేమో చూడండి. 8088 తర్వాతి ప్రాసెసర్లు 286, 386 ఉన్న క్లోన్ బోర్డుల సంగతి ఇంకా దారుణం. వాటిమీద పీపా ఆకారంలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, చుట్టూ ఉన్న రాగి దారుల్ని తినేస్తుంది. నా దగ్గరికి వచ్చే డెడ్ బోర్డుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. మీ ఇంట్లో అలాంటి బోర్డు ఉంటే, పనిచేస్తున్నా సరే ఆ బ్యాటరీని ఈ వారమే తీయించండి. కారింది క్షారం కాబట్టి ముందు తెల్ల వెనిగర్‌తో తుడిచి, నీళ్లతో కడిగి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి.