సున్నా బై సున్నా దగ్గర ఆగిపోయిన పిల్లలకు

పిల్లలూ,

"తాతయ్యా, ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 బై ఎక్స్ మైనస్ 3లో ఎక్స్‌కి 3 పెడితే సున్నా బై సున్నా వస్తోంది. పుస్తకం వెనక చూస్తే అవధి 6 అని ఉంది. ఎలా?" అని చిన్నోడు అడిగాడు. మంచి ప్రశ్న. అవధి అంటే ఎక్స్ 3కి దగ్గరవుతుంటే జవాబు చేరువయ్యే సంఖ్య.

సున్నాని సున్నాతో భాగిస్తే 6 రాదు, అసలు భాగించనే కూడదు. మరి ఆ 6 ఎక్కడిది? పొలం గట్టు మీద నడుస్తున్నారనుకోండి. ఒకచోట గండి పడింది, కాలు పెట్టడానికి మట్టి లేదు. అక్కడ గట్టు ఎత్తు ఎంత అంటే చెప్పలేం. కానీ ఇటు నుంచి అంచు దాకా వస్తే ఎత్తు 6 బెత్తెలకు చేరువవుతోంది, అటు నుంచి వచ్చినా అంతే. 2.99 పెట్టి చూడండి, 5.99 వస్తుంది. 3.01 పెడితే 6.01. అవధి అడిగేది అంచుల సంగతే. గండిలోకి దిగమని అడగదు.

మా ఊళ్ళో వరికోతల ముందు నీళ్ళు తీసేయడానికి గట్లకు గండ్లు కొట్టేవారు. దాటడానికి మా నాన్న తాటిదుంగ వేసేవారు. వేసేముందు వంగి రెండు అంచులూ చూసేవారు, ఎత్తు సమానంగా ఉంటేనే దుంగ కుదురుగా కూర్చుంటుంది. దాని మీద పుస్తకాల సంచితో పరిగెత్తడం మాకు ఎంత సరదానో!

మీ లెక్కలో దుంగ ఎక్స్ ప్లస్ 3. లవాన్ని కారణాంకాలుగా విడగొడితే పైనా కిందా ఎక్స్ మైనస్ 3 ఉంటుంది, కొట్టేయండి. మిగిలిన ఎక్స్ ప్లస్ 3లో 3 పెడితే 6 వస్తుంది. సున్నాని కొట్టేయొచ్చా అంటారేమో. మనం 3 దగ్గరికి వెళ్తున్నాం, 3 మీద నిలబడటం లేదు. అందుకే ఎక్స్ మైనస్ 3 ఎంత చిన్నదైనా సున్నా కాదు. ఈ ఒక్క మాట అర్థం కాకుండా ఎన్ని లెక్కలు చేసినా లాభం లేదు.

ఒక సంఖ్యను సున్నాతో గుణించి మళ్ళీ సున్నాతోనే భాగిస్తే ఆ సంఖ్యే మిగులుతుందని 1150 ప్రాంతంలోనే గణితవేత్త భాస్కరాచార్యుడు రాశాడు. నియమంగా అది నిలవదు. కానీ ఆయన చూపు ఎటుందో చూడండి, ఆశ్చర్యం వేస్తుంది నాకు.

అన్ని గండ్లకూ దుంగ పడదు. 1 బై ఎక్స్ మైనస్ 3 తీసుకోండి. 2.99 దగ్గర మైనస్ 100, 3.01 దగ్గర 100. ఒక అంచు పాతాళంలో, ఒకటి ఆకాశంలో! హారం ఒక్కటే సున్నా అయితే అంచులు ఏ సంఖ్యకూ చేరువ కావు, అక్కడ అవధి లేదని రాయండి.

ఇక ఎక్స్ క్యూబ్ మైనస్ 8 బై ఎక్స్ మైనస్ 2 మీకు వదిలేస్తున్నా. ముందు కాలిక్యులేటర్‌లో 1.9, 1.99, 2.01 పెట్టి చూడండి. కారణాంకాల జోలికి ఆ తర్వాతే వెళ్ళండి.

మీ తాతయ్య