తియ్యటి నీళ్లన్నీ మంచి నీళ్లేనా? మన బోర్ల మీద అపోహలు - వాస్తవాలు

నీటి నాణ్యత, శుద్ధి మీద పరిశోధన ఈమధ్యే మొదలుపెట్టాను. శాంపిళ్ల కోసం కనిగిరి, పొదిలి, పామూరు వైపు వెళ్లినప్పుడు అరుగుల మీద తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నీళ్లు తియ్యగా ఉన్నాయి, పప్పు ఇట్టే ఉడుకుతోంది. ఇంకేం భయం?

వాస్తవం: ఎక్కువైతే పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్‌కు నీళ్లలో రంగు, రుచి, వాసన లేవు. ఇక్కడ నేల కింద ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. దానిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచేకొద్దీ అది కరిగి వస్తుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత గడ్డకట్టి విడిపోతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేట్ ఎక్కువైన నీళ్లలో ఆ అడ్డు ఉండదు. పప్పు త్వరగా ఉడికేది, సబ్బు బాగా నురగొచ్చేది కూడా అలాంటి నీళ్లలోనే! కాల్షియం వల్ల గిన్నెకు తెల్లపొర కడుతోందని ఒక బోరు వదిలేసి ఇంకో బోరుకు పోయేవాళ్లు ఒక్కోసారి ఫ్లోరైడ్ ఎక్కువున్న చోటికే పోతున్నారు. అలాగని పొర కట్టే నీళ్లన్నీ క్షేమమనీ కాదు. రెండింటినీ పరీక్ష చేయించాల్సిందే.

అపోహ: టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) తక్కువగా ఉంటే చాలు.

"మీటర్ 150 చూపిస్తా ఉంది గదా పాపా, ఇంకా ఏం టెస్టు?" అని వాటర్ ప్లాంట్ల దగ్గర అడుగుతుంటారు. ఆ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మాత్రమే. దాన్నిబట్టి మొత్తం లవణాలను అంచనా కడుతుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అన్ని లవణాల మధ్య ఫ్లోరైడ్ 2, 3 మిల్లీగ్రాములున్నా మీటర్ దాన్ని విడిగా చూపించలేదు. బ్యాక్టీరియా సంగతి దానికి అసలే తెలియదు.

ఆర్‌వో ప్లాంటులో నీళ్లను వడగట్టే పొర బాగుంటే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది, నిజమే. కానీ రుచి కోసం శుద్ధి చేసిన నీళ్లలో మళ్లీ బోరు నీళ్లు కలిపితే అది కూడా తిరిగొస్తుంది. ఇక వదిలేసే నీళ్లు: తీసేసిన లవణాలన్నీ చిక్కగా ఉండేది వాటిలోనే. వాటిని బోరు పక్కన గుంతలోకే వదులుతుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

అపోహ: కాచినా, పటిక తిప్పినా సరిపోతుంది.

కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. నీళ్లు సగానికి ఇంకితే గాఢత రెట్టింపవుతుంది. పటిక బురదను దించుతుంది. నల్గొండ పద్ధతిలో పటికతోనే ఫ్లోరైడ్ తీస్తారు గానీ, అక్కడ సున్నం కూడా వేసి, నీటి పరీక్షను బట్టి పెద్ద మోతాదులో కలుపుతారు. బిందెలో నాలుగు తిప్పులు తిప్పితే అయ్యే పని కాదు.

అపోహ: ఇదంతా ఎరువుల వల్ల ఈమధ్య వచ్చింది.

ఎరువులతో, మరుగుదొడ్డి గుంతలతో పెరిగేది ముఖ్యంగా నైట్రేట్. ఫ్లోరైడ్ జబ్బు ఈ ప్రాంతంలో ఉందని 1937లోనే వైద్యులు రాశారు. ఆ రాతల్లో నెల్లూరు జిల్లా అని ఉంటుంది, ఎందుకంటే 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

అపోహ: నా పళ్లు తెల్లగానే ఉన్నాయి, నాకేం కాదు.

పళ్ల మీద మచ్చలు పడేది చిన్నతనంలో, చిగుళ్ల లోపల పన్ను తయారవుతున్నప్పుడు. పెద్దయ్యాక ఈ ఊరికి వచ్చి ఆ నీళ్లు తాగినవాళ్లకు పళ్లు బాగానే ఉండొచ్చు, ఎముకలు, కీళ్లు మాత్రం దెబ్బతినొచ్చు. ఆ మచ్చలు ఎంత తోమినా పోవు, పిల్లల్ని తిట్టకండి.

పరీక్షకు నీళ్లు పట్టేటప్పుడు ట్యాంకు నుంచి కాకుండా, బోరు కాసేపు ఆడించి నేరుగా పట్టండి. ఫ్లోరైడ్‌కు ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసా చాలు. బ్యాక్టీరియాకు ల్యాబ్ వాళ్లిచ్చే శుభ్రపరిచిన సీసానే వాడాలి, ఐసులో పెట్టి అదే రోజు అందించాలి. రిపోర్టులో ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా విడివిడిగా రాయమని ముందే అడగండి.