గుజ్జెనగూళ్లు బడికెలా వచ్చాయి?

మట్టిలో నీళ్లు కలిపి పప్పుచారనీ, ఆకులు తుంచి కూరనీ వడ్డించే ఆటకు మన పాత పేరు గుజ్జెనగూళ్లు. పోతన భాగవతంలో చిన్నారి రుక్మిణి బొమ్మలకు పెళ్లిళ్లు చేస్తుంది, గుజ్జెనగూళ్లు వండించి చెలులకు పెట్టిస్తుంది. ఏటికొప్పాక లక్కపిడతలు ఈ ఆట సామానే. ఇంట్లో ఇంత పాత ఆటకు తరగతి గదిలో చోటు మాత్రం తేలిగ్గా దొరకలేదు.

ఆటే చిన్నపిల్లల చదువని నమ్మి జర్మనీలో ఫ్రోబెల్ 1837లో ఒక కేంద్రం తెరిచాడు. మూడేళ్లకు దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. 1907లో రోమ్‌లో బడి పెట్టిన మరియా మాంటిస్సోరి దారి వేరు. ఉత్తుత్తి వంట కన్నా నిజంగా గిన్నె కడగడం, కూర తరగడమే పిల్లలకు ఇష్టమని ఆవిడ అభిప్రాయం. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, ఎంతోమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. తర్వాత ఆవిడ పేరు మన వీధుల్లోని బడుల బోర్డులకెక్కింది. వాటిలో చాలాచోట్ల నాలుగేళ్ల పిల్లలు చేసేది కాపీరాత. అందులో ఆవిడ తప్పేం లేదు లెండి.

ఉత్తుత్తి ఆటకు గట్టి వకాల్తా పుచ్చుకున్నవాడు రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ. కర్రపుల్ల గుర్రమైనప్పుడు, కంటికి కనిపించే వస్తువు నుంచి దాని అర్థాన్ని పిల్లవాడు విడదీస్తున్నాడు అన్నాడు. రేపు అక్షరాన్ని శబ్దంగా చదవాలన్నా కావలసింది ఆ నేర్పే కదా. ఇంకో మాట కూడా చెప్పాడు: ఈ ఆటలో ఇష్టారాజ్యం ఉండదు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ‘అక్కాచెల్లెళ్ల ఆట’ ఆడారనుకోండి. మామూలుగా పట్టించుకోని అక్కతనం ఆటలో నియమమవుతుంది, దానికి తగ్గట్టే నడుచుకుంటారు. అమ్మ వేషం వేసిన పిల్ల ఏడుపొచ్చినా ఆపుకుంటుంది. 1933లో ఆయన ఇచ్చిన ఈ ఉపన్యాసం అచ్చయింది 1966లో, ఆయన పోయిన ముప్పై రెండేళ్ల తర్వాత.

మన దేశంలో వకీలు పని వదిలేసిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం తెరిచి కథలకీ నాటకాలకీ చోటిచ్చారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ ఆ చదువును పల్లెలకు, ఆదివాసీ వాడల ముంగిళ్లకు తీసుకెళ్లారు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైంది. అంగన్‌వాడీ పనుల్లో పూర్వ ప్రాథమిక విద్య కూడా ఉంది. కానీ ఆకలి ముందు ఆట ఎక్కడ నిలుస్తుంది? తూకం, టీకా, తిండి ముందుకొచ్చాయి. ఊళ్లో జనం దాన్ని గుడ్లిచ్చే చోటుగానే గుర్తుపెట్టుకున్నారు.

2020 జాతీయ విద్యా విధానం, 2022లో వచ్చిన పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసు) పాఠ్యప్రణాళిక చట్రం ఆటను మళ్లీ మధ్యకు తెచ్చాయి. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, తోలుబొమ్మల లాంటి సామగ్రితో ‘జాదూయీ పిటారా’ (మాయా పెట్టె) విడుదలైంది. పెట్టె మంచిదే, కానీ కర్రపుల్ల గుర్రం కావడానికి పెట్టెకన్నా టైము ముఖ్యం. ఆ టైము ఇవ్వాల్సిన అంగన్‌వాడీ టీచరమ్మ చేతిలో రిజిస్టర్లున్నాయి, 2021 నుంచి పిల్లల తూకం, తిండి లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది. మూడున్నరేళ్లు రాగానే పిల్లను ప్రైవేటు నర్సరీకి మార్చే తల్లిదండ్రులు అక్కడ ముందు అడిగేది, నోట్‌బుక్కులు ఎన్ని కొనాలని.