పొదిగే పెట్టెకు చల్లబరచడం రాదు

దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఏప్రిల్ చివర్లో ఒక థర్మోకోల్ డబ్బాలో బల్బు వేడితో పొదిగించాలని ముప్పై నాటుకోడి గుడ్లు పెట్టాను. పదమూడో రోజు మధ్యాహ్నం చూస్తే లోపల 41 డిగ్రీలు, బల్బు మాత్రం ఆరిపోయే ఉంది. థర్మోస్టాట్ తప్పేం లేదు, 37.5 దాటగానే కరెంటు ఆపేసింది. కానీ ఆ రేకుల గదిలోనే 42 ఉంటే డబ్బా ఇంకెట్లా చల్లబడుతుంది? ఒక్క పిల్ల కూడా రాలేదు.

ఇంట్లో చేసుకునే ఇంక్యుబేటర్‌కు వేడి చేయడం ఒక్కటే వచ్చు. చలి దేశాల వాళ్లకు అది చాలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో మాత్రం డబ్బా కంటే ముందు గదిని చూసుకోవాలి. ఇంకో సంగతి, చివరి వారంలో లోపలి పిల్లలు పెరిగి గుడ్లే సొంతంగా వేడి పుట్టిస్తాయి, అంటే అసలే కాగిన డబ్బాలో ముప్పై చిన్న పొయ్యిలు వెలిగించినట్టే. గది 30 డిగ్రీల లోపు ఉంటేనే బల్బు వెలుగుతూ ఆరుతూ దాని పని అది చేసుకుంటుంది. మట్టిగోడల ఇల్లుంటే దాని నడిమి గది బాగుంటుంది, లేదంటే దసరా దాకా ఆగడం మేలు.

చలి అంత ప్రమాదం కాదు. పొదుగు మీదున్న కోడి రోజూ లేచి మేతకు పోతుంది కదా, మా అవ్వ దాన్ని చూసి ఎప్పుడూ కంగారు పడేది కాదు, "అదే వస్తది తియ్ బిడ్డా" అనేది. గుడ్డులో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి అది మెల్లగా చల్లబడుతుంది, ఆ కాసేపు పిండం ఎదుగుదల నెమ్మదిస్తుంది, అంతే. అదే 40 దాటి గంటల తరబడి ఉంటే పిండం చచ్చిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అరగంట కరెంటు పోతే టెన్షన్ వద్దు, మూత తీసి చూడకుండా పైన ఒక దుప్పటి కప్పండి చాలు.

తయారీ పెద్ద పనేం కాదు. చేపలొచ్చే థర్మోకోల్ పెట్టె, 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు రెండు (ఎల్‌ఈడీ పెడితే వేడి రాదు, ఒక్కటే పెడితే అది మాడిన రోజు అన్నీ పోతాయి), గాలి తిప్పడానికి పాత కంప్యూటర్ ఫ్యాను, డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్, దానికి 12 వోల్టుల అడాప్టర్. బల్బు థర్మోకోల్‌కు తగలకూడదు, కరిగిపోతుంది. గాలికి నాలుగు చిన్న బెజ్జాలు పెట్టండి. ఆ థర్మోస్టాట్ కొన్నప్పుడు చల్లబరిచే పద్ధతిలో, 2 డిగ్రీల తేడాతో (అంటే ఆపే వేడికీ మళ్లీ వెలిగించే వేడికీ మధ్య తేడా) ఉంటుంది. దాన్ని వేడి పద్ధతికి మార్చి తేడాను అర డిగ్రీ లోపుకు తగ్గించాలి. ఫ్యాను లేకపోతే పైన వేడి, కింద చలి. అప్పుడు గుడ్ల పైభాగం ఎత్తులో 38.5 వరకు ఉంచాలి.

ఇక తేమ. చాలామంది ఓడేది ఇక్కడే. పెంకుకు వేల కొద్దీ సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు ఆవిరై పోతుంటే మొద్దు కొన దగ్గర గాలి అర, అంటే గాలి నిండిన ఖాళీ, పెరుగుతుంది. పద్దెనిమిదో రోజుకు గుడ్డు బరువులో 11 నుంచి 13 శాతం తగ్గాలి, అంటే 45 గ్రాముల గుడ్డు 40కి, ఇంకా కొంచెం కిందికి రావాలి. తేమ ఎక్కువై బరువు తగ్గకపోతే గాలి అర చిన్నదై, తొలి ఊపిరికి చోటు చాలక పిల్ల లోపలే పోతుంది. మరీ ఎండిపోతే పొరకు అతుక్కుంటుంది. నేనైతే తేమ మీటరు కంటే వంటింటి తూకాన్నే నమ్ముతాను. మామూలుగా మొదట 50-55 శాతం, చివరి మూడు రోజులు 65-70 ఉంచాలి. తేమ పెంచాలంటే లోతైన గిన్నె కాదు, వెడల్పాటి పళ్లెం పెట్టండి, ఆవిరయ్యేది పైనుంచే కదా.

గుడ్డు కదలకుండా ఉంటే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. అందుకే కోడి ముక్కుతో దొర్లిస్తూ ఉంటుంది. మనం పెన్సిల్‌తో రెండు వైపులా రెండు గుర్తులు పెట్టుకుని రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పాలి, బేసి సంఖ్య అయితే రాత్రంతా ఒకే వైపున పడుకోవడం రోజూ జరగదు. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపిస్తాయి, ఏమీ లేని గుడ్లు తీసేయండి. కిరాణా షాపు గుడ్లతో ప్రయత్నించకండి, ఆ కోళ్లు పుంజును చూసి ఉండవు.

పద్దెనిమిదో రోజు తిప్పడం ఆపి మూత వేసేయాలి. ఇరవై ఒకటో రోజుకు అటూ ఇటూగా పిల్ల ముందు గాలి అరను చీల్చి ఊపిరి తీసుకుంటుంది, తర్వాత పెంకుకు పగులు పెట్టి గంటల తరబడి ఊరుకుంటుంది. ఆ టైంలో మిగిలిన పచ్చసొన కడుపులోకి పోతుంటుంది, రక్తనాళాలు ఎండుతుంటాయి. జాలిపడి పెంకు ఒలిచామా, రక్తం కారి చస్తుంది. పుట్టాక ఆ సొనతోనే రెండు రోజులు మేత లేకున్నా బతుకుతుంది, తొందరేం లేదు. బయటికొచ్చాక మొదటి వారం దానికి కావాల్సింది 33-35 డిగ్రీలు. గుడ్లను చంపిన మే నెల పగటి వేడిలో పిల్లలకు బల్బే అక్కర్లేదు, కానీ 42 డిగ్రీల గది వాటికీ ఎక్కువే, నీడ, నీళ్లు ఉన్న కాస్త చల్లటి చోట ఉంచాలి.